ఇవ్వని మత్తుకు బిల్లు

షట్టర్ దించేసరికి పొద్దున పదీ నలభై అయింది. లోపల ఐదుగురు మిగిలారు.

బయట, త్రిశిఖర నర్సింగ్ హోమ్ ముందు, వెల్దుర్తి నుంచి రెండు ట్రాక్టర్లలో వచ్చిన జనం రోడ్డు మీదే కూర్చున్నారు. ఎవరూ రాయి విసరలేదు. ఎవరూ కేకలు వేయలేదు. ఆ నిశ్శబ్దమే లోపలివాళ్ళను ఎక్కువ భయపెట్టింది. ఉన్న ముగ్గురు పేషెంట్లను పొద్దున్నే వేరే ఆస్పత్రికి పంపేశారు. వాచ్‌మన్ వెనక గేటు తాళంచెవి ఇచ్చేసి వెళ్ళిపోయాడు. సత్తెనపల్లి నుంచి బలగం వచ్చేదాకా, అంటే ఒంటిగంట దాకా, ఎవరూ బయట అడుగుపెట్టవద్దని ఎస్సై ఫోన్లో చెప్పాడు. వచ్చాక తాము తీసుకెళ్ళేది ఒక్కరినేనని కూడా అన్నాడు. బిల్లింగ్ కౌంటర్లో పనిచేసే హాసినిని.

ప్రభావతికి రెండు గంటల ఇరవై నిమిషాలు ఉన్నాయి.

ఆమెకు నలభై ఏడేళ్ళు. గుంటూరులో పదహారేళ్ళు ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసింది. నడుం దెబ్బతిన్నాక ఆ పని మానేసి, బీమా కంపెనీల తరఫున ఆస్పత్రుల దొంగ బిల్లులు తవ్వే వృత్తిలోకి వచ్చింది. నిన్న సాయంత్రం విజయవాడ ఆఫీసు నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. వెల్దుర్తికి చెందిన బుల్లెమ్మ అనే యాభై రెండేళ్ళ మనిషి భుజం మీద కొవ్వు గడ్డ తీయించుకోవడానికి గురువారం పొద్దున బస్సెక్కి నరసరావుపేట వచ్చింది. మధ్యాహ్నానికల్లా చనిపోయింది. పాల సంఘం గ్రూపు పాలసీ కింద కంపెనీకి వచ్చిన బిల్లులో, పూర్తి మత్తు ఇచ్చినట్టు రాసి ఉంది.

ప్రభావతికి అక్కడే అనుమానం వచ్చింది. అలాంటి గడ్డను ఎవరైనా లోకల్ ఇచ్చి తీస్తారు. గడ్డ చుట్టూ నాలుగు పోట్లు పొడిస్తే ఆ మేరకు తిమ్మిరెక్కుతుంది, మనిషి మాట్లాడుతూనే ఉంటుంది. ఆ ఇంజెక్షన్‌కు విడిగా డబ్బు రాదు, గడ్డ తీసే చార్జీలోనే కలిసిపోతుంది. పూర్తి మత్తుకైతే వేరే కోడ్, మత్తు డాక్టరుకు వేరే ఫీజు. తేడా డబ్బుతోనే ఆగదు. పూర్తి మత్తులో మనిషి పోతే గుండె తట్టుకోలేదంటారు. లోకల్‌లో పోతే, ఎంత ఎక్కించారు, ఎవరు ఎక్కించారు అని అడుగుతారు.

ఆమె ముందుగా హాసినిని కూర్చోబెట్టి మాట్లాడింది. రాజుపాలెం అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళు. కౌంటర్ వెనక కుర్చీలో ఒళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. కంప్యూటర్లో ఆ బిల్లు తాలూకు లాగ్ తెరిచి ఉంది. అందులో ఎవరి పేరు మీద మార్పు జరిగిందో, ఎన్నింటికి జరిగిందో మాత్రమే కనిపిస్తుంది. ఏ యంత్రం మీద నుంచో కనిపించదు. మొదటి ఎంట్రీ పదకొండూ రెండుకు, లోకల్, సున్నా రూపాయలు. రెండోది పన్నెండూ ఇరవైకి, పూర్తి మత్తు, పన్నెండు వేలు. రెండింటి పక్కనా హాసిని పేరే.

"పన్నెండూ ఇరవైకి యాడున్నావు?"

"పెద్దాసుపత్రిలో మేడం. ఆమెకి ఫిట్స్ లాగా వచ్చినయ్. ఆక్సిజన్ సిలిండరు పట్టుకోను మనిషి లేక నన్ను కూడా అంబులెన్స్ ఎక్కించారు. డాక్టరుగారు, రోహిణక్క, నేను, ముగ్గురం పోయాం."

అంబులెన్స్ పదకొండూ యాభై రెండుకు బయల్దేరింది. దారిలో పన్నెండూ ఐదుకు బుల్లెమ్మ ప్రాణం పోయింది. ముగ్గురూ తిరిగి వచ్చింది ఒంటిగంటా పదికి. అంటే బిల్లు మారే సమయానికి ఈ ముగ్గురిలో ఎవరూ ఈ భవనంలో లేరు. కానీ ఆ సాఫ్ట్‌వేర్ హాసిని ఫోన్లోనూ ఉంది. పోలీసులు పట్టుకున్నది దాన్నే.

అంతకుముందు ఎప్పుడూ ఇలా మార్చలేదా అని ప్రభావతి అడిగింది. హాసిని కీబోర్డు వైపు చూస్తూ, మార్చానని చెప్పింది. ఈ ఏడాదిలో అరవై ఒక్క బిల్లులు. పుండ్లు కోసినవి, గోరు తీసినవి, గడ్డలు తీసినవి. అన్నీ లోకల్‌తో చేసినవే. డాక్టరుగారు చెప్పిన కోడ్ లిస్టులోంచి ఎంచుకుని నొక్కేదాన్నంది.

"మరి మానేసి పోవచ్చుగా?"

"చేరేటప్పుడు నా డిగ్రీ సర్టిఫికెట్లు తీసుకున్నారు మేడం. బీరువాలో ఉన్నయ్. రెండుసార్లు అడిగాను. అయి లేకుండా ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?" ఆమె గొంతు తగ్గించింది. "అరవై ఒకటీ నేనే కొట్టాను. ఇది మాత్రం నేను కొట్టలేదు."

ప్రభావతి ఆ మాట నమ్మలేదు, కాదనలేదు. లేచి చిన్న ఆపరేషన్ల గదికి వెళ్ళింది.

పన్నెండడుగుల గది. ఏసీ కోసం కిటికీలు మేకులు కొట్టి మూసేశారు. ఆ ఏసీ ఇప్పుడు పనిచేయడం లేదు. నర్సు రోహిణి గుమ్మం దగ్గరే నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉండే ముప్పై ఏళ్ళ మనిషి. నిన్నటి నుంచి ఇంటికి వెళ్ళలేదని ఆమె చీరే చెబుతోంది.

మూల మత్తు యంత్రం ఉంది. మీద కప్పిన గుడ్డ ఎత్తితే దుమ్ము లేచింది. పేషెంటు ముఖానికి పెట్టే గొట్టం ఇంకా కంపెనీ సీలు వేసిన కవరులోనే ఉంది. దాని కరెంటు వైరుకు చివర ప్లగ్గు లేదు. ఈ యంత్రం మీద నిన్నే కాదు, ఈ మధ్య ఎవరికీ మత్తు ఇవ్వలేదు. బిల్లులో మత్తు డాక్టరుగా రాసిన రాఘవయ్యకు ప్రభావతి అక్కడి నుంచే ఫోన్ చేసింది. ఆయన పెద్దాయన, విసుగ్గా మాట్లాడాడు. గురువారం పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకా మాచర్లలో రెండు కాన్పు ఆపరేషన్లకు మత్తు ఇచ్చానని, త్రిశిఖర గడప తొక్కి నాలుగు నెలలైందని చెప్పాడు. ఆయన పేరు మీద బిల్లు ఉందని ప్రభావతి చెప్పింది. ఆ బిల్లు తనకు పంపమన్నాడు.

ప్రభావతి చేతికి గ్లవుజు వేసుకుని సూదులు పడేసే డబ్బా మూత తీసింది. సిరంజిల కింద, తిమ్మిరెక్కించే లిగ్నొకెయిన్ ఖాళీ సీసా ఒకటి ఉంది. రెండు శాతం మందు, ముప్పై మిల్లీలీటర్లు. సీసా తెరిచినప్పుడు నర్సులు తేదీ వేస్తారు. దీని మీద నిన్నటి తేదీ ఉంది. పక్కన 11.10 అని ఉంది.

"రాత నీదేనా?"

రోహిణి తలూపింది.

కేస్ షీటులో బుల్లెమ్మ బరువు నలభై ఒక్క కిలోలు. ప్రభావతి నోటితోనే లెక్క వేసింది. ఈ మందు మిల్లీలీటరుకు ఇరవై మిల్లీగ్రాములు. ఆ బరువుకు తొమ్మిది మిల్లీలీటర్లు దాటకూడదు. దాటితే నాలుక మొద్దుబారుతుంది, చెవుల్లో హోరు పుడుతుంది, తర్వాత ఫిట్స్, ఆ తర్వాత గుండె. సీసాలో చుక్క లేదు.

రోహిణి గోడకు చేరబడి, నిలబడే చెప్పింది. డాక్టరు ఓపీలో ఉన్నాడు. బయట పేషెంట్లు ఎక్కువ. నువ్వు తిమ్మిరెక్కించి ఉంచు, నేను వచ్చి కోస్తానన్నాడు. ఎంత ఎక్కించాలో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. మొదట పది ఎక్కించింది. గిల్లి చూస్తే నొప్పి ఉందన్నది బుల్లెమ్మ. ఇంకో పది. గడ్డ పెద్దది, లోపల ఇంకా తెలుస్తోందంటే ఇంకో పది.

"నాలిక మొద్దుబారతందమ్మాయ్ అన్నది. చెవుల్లో ఏందో మోగతందన్నది. నేను భయానికి అంటందనుకున్నా. ఏం కాదు పెద్దమ్మా, కదలొద్దు అన్నా. రెండుసార్లు చెప్పింది మేడం."

ప్రభావతి ఆమెను తిట్టలేదు. తను పనిచేసిన రోజుల్లో ఇలా ఎంత ఎక్కించాలో చెప్పకుండా వెళ్ళిపోయిన డాక్టర్లు ఎందరో ఆమెకు గుర్తే. సీసాను కవరులో పెట్టి బ్యాగులో వేసుకుంది. చెమటకు జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. ఆ గదిలోంచి బయటపడితే చాలనిపించింది. బయటపడితే మళ్ళీ ఆ హాల్లోకే.

హాల్లో ఆమె కోసం విశాల్ ఎదురుచూస్తున్నాడు.

విశాల్ అదే బీమా కంపెనీకి పల్నాడు జిల్లా ఇన్వెస్టిగేటర్. ముప్పై అయిదేళ్ళవాడు. ఆ అరవై ఒక్క బిల్లులనూ పరిశీలించి, అన్నీ సక్రమమేనని సంతకం పెట్టింది ఇతనే. తనపైన ఇంకొకరిని పంపడం అతనికి పొద్దుటి నుంచీ మింగుడుపడటం లేదు. వాచ్‌మన్ తాళంచెవి ఇచ్చింది అతని చేతికే. అతను దాన్ని వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. పక్క కుర్చీలో ఆస్పత్రి యజమాని డాక్టర్ శ్రీహర్ష రెండు చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు.

టైపు చేసి ఉంచిన రిపోర్టును విశాల్ ఆమె ముందు పెట్టాడు. పూర్తి మత్తులో గుండె ఆగి మరణం. బిల్లింగ్ క్లర్కు మాత్రం ఏడాదిగా లెక్కలు తారుమారు చేసింది, ఆమె మీద పోలీసు చర్య సిఫార్సు. కింద రెండు సంతకాలకు చోటు. ఒకటి అప్పటికే నిండి ఉంది.

"సంతకం పెట్టండి మేడం. వెనక గేటు తీస్తాను, అయిదు నిమిషాల్లో మీరు కార్లో ఉంటారు. లేదంటే బయట ఎనభై మంది ఉన్నారు, వాళ్ళకి మీరెవరో నేనెవరో తేడా తెలియదు."

ప్రభావతి కవరులోని సీసా చూపించింది. ప్లగ్గు లేని యంత్రం గురించి, మాచర్లలో ఉన్న రాఘవయ్య గురించి చెప్పింది. శ్రీహర్ష తల ఎత్తలేదు. నెమ్మదిగా, అది లోకలేనని ఒప్పుకున్నాడు. తను గదిలో లేనని ఒప్పుకున్నాడు. ఆ అరవై ఒక్క బిల్లులు తను చెప్పగా మార్చినవేనని, వాటిలో వచ్చిన దాంట్లో మూడో వంతు విశాల్‌కు ఇచ్చేవాడినని కూడా చెప్పాడు. ఈ ఒక్క బిల్లు మార్చమని మాత్రం తను ఎవరికీ చెప్పలేదన్నాడు.

విశాల్ చలించలేదు. భయపడ్డవాడు ఏదైనా చెబుతాడన్నాడు. ఫైల్లోంచి ఇంకో కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు. పూర్తి మత్తుకు ఒప్పుకుంటున్నట్టు అంగీకార పత్రం. కింద బుల్లెమ్మ పేరు, పేరు పక్కన నీలం రంగు వేలిముద్ర.

"ఇది కోర్టులో నిలబడుద్ది. మీ సీసా నిలబడదు."

ఆ పత్రం ఎప్పుడు రాయించారో తనకు తెలియదని శ్రీహర్ష అన్నాడు. రోహిణి కూడా చూడలేదంది. కానీ వాళ్ళిద్దరూ ముద్దాయిలు. ముద్ర నిజంగా బుల్లెమ్మదే అయితే ఆ ఇద్దరి మాటకూ విలువ ఉండదు. అప్పటికి పన్నెండూ ఐదు.

ఆమె కౌంటర్ దగ్గరికి వెళ్ళి, మారిన బిల్లును మళ్ళీ తెరిపించింది. ఈసారి డబ్బు వైపు చూడలేదు. కోడ్ వైపు చూసింది. ఎ-417.

"హాసినీ, ఆ అరవై ఒక్క బిల్లుల్లో పూర్తి మత్తుకి ఏ కోడ్ వాడావు?"

"జి-12 మేడం. లిస్టులో ఉండేది అదొక్కటే." హాసిని ముందుకు వంగి తెర చూసి ముఖం చిట్లించింది. "ఇదేంది, ఈ నంబరు? ఇది మా లిస్టులో లేదే."

లిస్టు పైనుంచి కింద దాకా తెరిచి చూశారు. లేదు. లిస్టులో లేనిది పడాలంటే ఎవరో చేత్తో టైపు చేయాలి. టైపు చేయాలంటే ఆ నంబరు ముందే తెలిసి ఉండాలి.

ప్రభావతి తన ఫోన్లో మెయిల్ తెరిచింది. బుధవారం సాయంత్రం ఆరింటికి కంపెనీ పంపిన సర్క్యులర్ అది. మత్తు కోడ్లన్నీ వచ్చే నెల ఒకటి నుంచి మారతాయి. పూర్తి మత్తుకు జి-12 బదులు ఎ-417. ఆస్పత్రులకు ఇంకా పంపలేదు. ముందు ఇన్వెస్టిగేటర్లు చదువుకోవాలని ఆరుగురికి పంపారు. నలుగురు వేరే జిల్లాల వాళ్ళు. మిగిలిన ఇద్దరూ ఇప్పుడు ఈ హాల్లో ఉన్నారు.

విశాల్ తాళంచెవి తిప్పడం ఆపాడు.

"నిన్న సాయంత్రం అయిదింటికి మొదటిసారి ఇక్కడికి వచ్చానని రిపోర్టులో రాశారు" అంది ప్రభావతి.

"అవును."

ఆమె శ్రీహర్ష వైపు తిరిగి, అంబులెన్స్‌లో ఉండగా ఎవరికైనా ఫోన్ చేశారా అని అడిగింది. ఆయన ఫోన్ తీసి కాల్స్ చూపించాడు. పదకొండూ యాభై ఆరు, విశాల్, నాలుగు నిమిషాలు. ఏం చేయాలో తోచక చేశానన్నాడు. అవతల నుంచి విశాల్, నేను ఊళ్ళోనే ఉన్నా, మీరు ఆమె సంగతి చూడండి, కాగితాల సంగతి నేను చూస్తాను అన్నాడట. నెలనెలా బిల్లులు చూడటానికి వచ్చినప్పుడు విశాల్ కూర్చునేది ఈ కౌంటర్లోనే, తెరిచేది నా పాస్‌వర్డ్‌తోనే అని హాసిని చెప్పింది. ఈ ఒక్క మరణం లోకల్ అని తేలితే, వెనక ఉన్న అరవై ఒకటీ బయటికి వస్తాయి. అందుకే ఆ తొందర. ఆ తొందరలో చేతికి కొత్తగా చదివిన నంబరు వచ్చింది.

విశాల్ వాదించలేదు. ఫైలు చంకలో పెట్టుకున్నాడు. కోడ్ ఎవరు కొట్టారన్నది చిల్లర గొడవ, మనిషి ఒప్పుకుని వేలిముద్ర వేసింది, అదే నిలుస్తుందన్నాడు. ఎస్సైతో మాట్లాడి వస్తానని, వెనక గేటు పక్కనున్న జనరేటర్ గది వైపు నడిచాడు. ప్రభావతి లేచేసరికి నడుంలో పోటు వచ్చింది, టేబుల్ పట్టుకుని ఆగిపోయింది. రోహిణి పరుగెత్తింది. ఇనుప గేటు మూసుకున్న చప్పుడు, బయటి నుంచి తాళం పడిన చప్పుడు హాల్లోకి వినిపించాయి.

రోహిణి తిరిగి వచ్చి, పోయాడని మాత్రం చెప్పింది.

వెనక తాళం. ముందు జనం. ఎస్సైకి ఫోన్ చేస్తే ఎంగేజ్ వస్తోంది. విశాల్ ఇప్పటికే అతనితో మాట్లాడుతున్నాడేమో తెలియదు. ఒంటిగంటకు పోలీసులు వస్తే హాసిని చేతికి బేడీలు పడతాయి. వాళ్ళకు ముందు దొరికే కాగితం వేలిముద్ర ఉన్నదే. హాసిని ఏడవడం లేదు. కుర్చీ అంచున కూర్చుని, నన్ను తీసుకుపోయేటప్పుడు మా అమ్మకి మీరు చెప్తారా మేడం, టీవీలో చూస్తే తట్టుకోలేదు అని అడిగింది.

ప్రభావతి షట్టర్ దగ్గరికి నడిచింది. దానికి బయట తాళం లేదు. లోపల రెండు గడియలే ఉన్నాయి. పొద్దుటి నుంచి వాళ్ళను లోపల ఉంచింది ఆ రెండు గడియలే.

శ్రీహర్ష అడ్డుపడ్డాడు. తెరిస్తే చంపేస్తారన్నాడు. ప్రభావతికీ ఆ భయం ఉంది. మొదటి గడియ లాగేటప్పుడు వేళ్ళు జారాయి. రెండో గడియ బిగుసుకుపోయింది. పక్కనుంచి ఇంకో చేయి వచ్చి దాన్ని లాగింది. రోహిణి చేయి అది.

షట్టర్ పైకి లేచింది. ఎండ ఒక్కసారి ముఖాన పడింది. కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ముందు వరసలో తెల్ల పంచె, భుజాన తువ్వాలు ఉన్న మనిషి రెండడుగులు వేసి ఆగాడు. పక్కవాళ్ళు అతన్ని పట్టుకున్న తీరు చూస్తేనే బుల్లెమ్మ భర్త అని తెలిసింది. అతని పేరు బాలకోటయ్య అని పక్కనున్న కానిస్టేబుల్ చెప్పాడు. ఆ జనానికి ఒకే ఒక్క కానిస్టేబుల్.

ప్రభావతి తనెవరో చెప్పబోతుండగా రోహిణి ముందుకు వచ్చింది.

"ఇంజెక్షన్ చేసింది నేనే బాబాయ్. ఎక్కువ ఎక్కిచ్చా. ఆమె చెప్తూనే ఉంది, నేను ఇనిపించుకోలా."

వెనక ఎవరో ముందుకు తోసుకు రాబోయారు. బాలకోటయ్య చేయి అడ్డం పెట్టి ఆపాడు. రోహిణి ముఖంలోకి చూశాడు.

"నీ సంగతి తర్వాత మాట్లాడతా" అన్నాడు. ప్రభావతి వైపు తిరిగాడు. "అమ్మా, పొద్దున్నించి ఒకే ఒక్క మాట అడుగుదామని కూకున్నాం. మీరేమో ఆ రేకు దించుకున్నారు. నిన్న సాయంత్రం మార్చురీలో మమ్మల్ని బయట నిలబెట్టి, కంపెనీ మనిషినని ఒకాయన లోపలికి పోయాడు. ఆయన పోయినాక నేను చూద్దును గదా, నా భార్య బొటనేలికి నీలం సిరా. పాల సంఘంలో పద్దెనిమిదేళ్ళు సంతకం పెట్టిన మనిషమ్మా అది. యాడా వేలిముద్ర ఎయ్యలా. చచ్చినాక ఎందుకు ఏయించారు?"

విశాల్ కోర్టులో నిలబడుతుందన్న కాగితం ప్రభావతి కళ్ళముందు మెదిలింది. ఆ ముద్ర నిజంగా బుల్లెమ్మదే. అది వేసేటప్పటికి బుల్లెమ్మ లేదు.

పోస్ట్‌మార్టం అయిందా అని అడిగింది. కాలేదు, ఒంటిగంటన్నరకన్నారు అని బాలకోటయ్య చెప్పాడు. శవం దగ్గర ఎవరున్నారని అడిగింది. అందరూ ఇక్కడికే వచ్చామన్నాడు. డాక్టర్లు ఆ వేలు చూసి రాసుకుంటే సరిపోతుంది. విశాల్ చెప్పినదంతా కూలిపోతుంది.

"ఆ కంపెనీ మనిషి ఎలాగుంటాడు?"

"మీ ఎనక గేటులోంచి ఇందాక పోయాడే, ఆయనే. పది నిమిషాలైంది. తెల్లకారు. మార్చురీ దారే పట్టాడు."

ప్రభావతి పక్కన రోహిణి ముఖం పాలిపోయింది. పదేళ్ళుగా సూది పొడిచే ముందు ఎందరి చర్మాలో తుడిచిన మనిషి ఆమె.

"స్పిరిట్ దూది పెడితే చాలు మేడం" అంది. "ఆ సిరా నిమిషంలో పోద్ది."